జాబితాలో లేని ఇల్లు

అయిదు కిలోల బంగాళాదుంపల సంచి వంటింటి బల్ల మధ్యన ఉంది.

సీతారావమ్మ దాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. పెరట్లో తులసికి నీళ్లు పోసి వచ్చిన చెంబు ఆవిడ చేతిలో అలాగే ఉంది.

“అమ్మాయ్, ఇవి ఈ ఇంట్లోకి ఎలా వచ్చాయి?”

“కార్లో వచ్చాయి అత్తయ్యగారూ. పొద్దున్నే క్రాన్‌బర్న్ మార్కెట్‌కి వెళ్లి తెచ్చాను.”

“వేళాకోళమా? విష్ణు కాశీలో వదిలేసిన దుంపలివి. వాళ్ల నాన్నగారి పేరు చెప్పి గంగలో నిలబడి వదిలేశాడు. ఆరేళ్లుగా ఈ గడప తొక్కలేదు.”

“ఈ గడప తొక్కలేదు, నిజమే.” కౌసల్య సంచి మూతి కత్తెరతో కత్తిరించింది. “ఐర్లండులో మాత్రం ఏ గడప తొక్కినా ఇవే ఎదురొచ్చాయట మీ అబ్బాయికి.”

సీతారావమ్మ చెంబు బల్ల మీద పెట్టింది. పెట్టిన చోట తడి మరక పడింది. మామూలుగా అయితే కౌసల్య వెంటనే గుడ్డ తెచ్చి తుడిచేది. ఇవాళ చూసి ఊరుకుంది.

శుక్రవారం సాయంత్రం నుంచి ఆమె మొగుడితో మాట్లాడలేదు. ఆ సాయంత్రమే, ఇక్కడ మెల్‌బోర్న్‌లోనే ఉండే స్నేహితురాలు శాంతి నుంచి మెసేజి వచ్చింది. శాంతి కూతురు అమృతకు ఐర్లండులో కార్క్ యూనివర్సిటీలో సీటు వచ్చింది. విష్ణువర్ధన్ ఆఫీసు పని మీద అదే ఊళ్లో మూడు నెలలు ఉండి కిందటి నెలలోనే వచ్చాడు కనక, అక్కడ ఎక్కడెక్కడ తినాలో పిల్లకు రాసి పెట్టమని శాంతి అడిగింది. అతను రాశాడు. ఒక పేజీ కాదు, రెండు పేజీలు. శాంతి దాన్ని కౌసల్యకు పంపుతూ, ‘మీవారికి తిండి మీద ఇంత ప్రేమ ఉందని తెలీదు కౌసల్యా, అదృష్టవంతురాలివి’ అని రాసింది.

పదమూడేళ్ల కాపురంలో కౌసల్యకూ ఆ సంగతి తెలీదు.

పెరట్లో గడ్డి కోసే మిషను చప్పుడు ఆగింది. విష్ణు బూట్లు బయట విప్పి, చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. సంచి చూశాడు. తల్లిని చూశాడు. పెళ్లాన్ని మాత్రం చూడలేదు.

“ఒంటిగంటకి చైత్ర వస్తుంది కదా,” అన్నాడు. “వంట అయిందా?”

చైత్ర కూడా అతని ఆఫీసే. కార్క్‌కి ఇద్దరూ కలిసే వెళ్లారు. ‘మూడు నెలలు ఒకే ప్రాజెక్టులో పనిచేశాం, ఒక్కసారి భోజనానికి పిలుద్దాం’ అని రెండు వారాల కిందట అతను అంటే, ‘తప్పకుండా పిలవండి, పాపం ఒక్కతే ఉంటుంది’ అన్నది కౌసల్యే. ఇప్పుడా ‘పాపం’ అన్న మాట గుర్తొస్తే తన నోరు తనకే చేదుగా ఉంది.

“అవుతుంది,” అంది. శుక్రవారం తర్వాత అతనితో అన్న మొదటి మాట అది. “కూర్చోండి. కూరలు తరుగుతూ మీ జాబితా చదువుతాను. అత్తయ్యగారికి ఇంగ్లీషు రాదు కదా, తెలుగులో చెబుతాను.”

“కౌసల్యా, ఇప్పుడదంతా ఎందుకు?”

“అందరికీ పంపుకోవడానికే రాశారు కదండీ. నేను చదివితే తప్పేమిటి?”

ఫోను నీళ్ల సీసాకు ఆనించి నిలబెట్టింది. దుంప చెక్కు తీస్తూ మొదలుపెట్టింది.

“ఒకటి. నది ఒడ్డున, మెట్లు దిగి వెళ్లే హోటలు. చేపల సూపు తీసుకో. దాంతో ఇచ్చే గోధుమ రొట్టె వేడిగా ఉండగానే వెన్న రాసుకో. చల్లారితే అడుగు, ఇంకోటిస్తారు.”

“రెండు. పాత మార్కెట్లో మేడ మీది కేఫు. కటకటాల పక్క టేబులే అడుగు, కింద చేపల దుకాణాలు కనిపిస్తాయి. అక్కడ కాల్కనన్ అని ఉంటుంది. బంగాళాదుంప మెత్తగా మెదిపి, క్యాబేజీ ఆకు కలిపి, నడిమధ్య గుంట చేసి వెన్న వేస్తారు. వెన్న కరిగేదాకా ఆగు, తొందరపడకు.”

సీతారావమ్మ మెల్లిగా కుర్చీలో కూర్చుంది.

“మూడు. బాక్స్‌టీ. మన అట్టులాగే ఉంటుంది, బంగాళాదుంప తురుముతో పోస్తారు. అంచులు కరకరలాడాలి. మెత్తగా ఉంటే మొహమాటపడకుండా వెనక్కి పంపించు.” కౌసల్య చెక్కు తీయడం ఆపింది. “నా వంట ఒక్కసారైనా వెనక్కి పంపారా మీరు? ఉప్పు తక్కువైందని కూడా అనలేదే! నా ఉప్మా ముద్దయినా ‘ఊఁ’. గారె గుల్లగా వచ్చినా ‘ఊఁ’. బాగాలేదని చెప్పేంత చనువు కూడా నాతో లేకపోయిందా మీకు?”

“అది చిన్నపిల్లకి సరదాగా రాసింది.”

“నాలుగు,” అంది కౌసల్య. “కొండ మీద గంటల గోపురం పక్కన చిప్స్ కొట్టు. వెనిగరు వాళ్లే చల్లుతారు. కాగితం పొట్లం పెద్దది. ఇద్దరికి ఒకటి చాలు.”

చాకు పక్కన పెట్టింది.

“ఇద్దరికి ఒకటి చాలని ఒక్కరే తిన్నవాళ్లకి ఎలా తెలుస్తుందండీ?”

మేడ మీదనించి వీణ దిగి వచ్చింది. పదకొండేళ్లది. సంచి చూసి కళ్లు పెద్దవి చేసింది.

“పొటేటోస్? నాన్నా, డస్ దిస్ మీన్ వి కెన్ హావ్ చిప్స్ ఎట్ హోమ్ నౌ?”

“వీణా, పైకి వెళ్లు,” అన్నాడు తండ్రి.

“బట్ ఐ జస్ట్…”

“వెళ్లమ్మా. భోజనానికి నేనే పిలుస్తాను,” అంది కౌసల్య. పిల్ల ముగ్గురి మొహాలూ చూసి, వచ్చిన దారినే వెళ్లింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు పైదాకా వెళ్లి ఆగింది.

కాశీ వెళ్లినప్పుడు కౌసల్య వెంట లేదు. వీణకు ఆటలమ్మ పోసి మెల్‌బోర్న్‌లోనే ఉండిపోయింది. విష్ణు బంగాళాదుంప వదిలేశాడని అత్తగారు ఫోన్లో చెబితే, ఆయన తినలేనిది తనకు మాత్రం ఎందుకని తనూ మానేసింది. పుట్టింట్లో ఆమెకు దుంప వేపుడు లేనిదే ముద్ద దిగేది కాదు. ఒకసారి ఫ్రాంక్‌స్టన్ బీచిలో వీణకు చేపా చిప్సూ కొనిపెట్టి, తన వాటాకు వచ్చిన చిప్స్ ఒక్కొక్కటే సముద్రపు పక్షులకు విసిరింది. పక్కన కూర్చున్న విష్ణు అదంతా చూశాడు. ఏమీ అనలేదు. ఆ ఊరుకోవడం తన మీద ప్రేమ అనుకుంది.

“గంగలో నిలబడి నాన్నగారికి ఇచ్చిన మాట,” అంది ఇప్పుడు. “నేనేదో బతిమాలితే తప్పారంటే అదో దారి. ఎవరో ఎదురుగా కూర్చుని ఒక చిప్సు అందిస్తే తప్పారే, అదండీ నాకు…” మాట పూర్తి కాలేదు. “ఆవిడకి తెలుసా అసలు, మీరది వదిలేశారని?”

“నేను వదల్లేదని తెలుసు,” అన్నాడు విష్ణు.

“అంటే?”

“నేను కాశీలో బంగాళాదుంప వదల్లేదు కౌసల్యా. కాకరకాయ వదిలాను.”

సీతారావమ్మ తల వంచుకుని చీర కొంగు సర్దుకోవడం మొదలుపెట్టింది. సర్దడానికి అక్కడేమీ లేదు.

“అత్తయ్యగారూ?”

“నన్నేం చెయ్యమంటావే!” అంది ఆవిడ. గొంతులో కోపమే ఉంది కానీ అది ఎవరి మీదో తెలియలేదు. “పంతులుగారు అడిగితే వీడు ఠక్కున కాకరకాయ అన్నాడు. వెనకాల మా మరిది కిసుక్కున నవ్వాడు. ‘కాకరకాయ వదలడానికి కాశీ దాకా రావాలిట్రా’ అని. అందరి ముందూ! తండ్రి పోయి పన్నెండు రోజులు కాలేదు. వీడికి తండ్రి మీద భక్తి లేదనుకోరూ? అందుకని తిరుగు ప్రయాణంలో అడిగినవాళ్లందరికీ దుంప అని చెప్పాను. నీకూ అదే చెప్పాను.”

“మీకు కాకరకాయ ఇష్టమా?” కౌసల్య మొగుడిని అడిగింది. ఆ ప్రశ్న తన నోటితో అడగవలసి వచ్చినందుకు ఆమెకు ఒళ్లు మండింది. కాకరకాయ వాసన తనకు పడదు. పెళ్లయిన దగ్గర్నించీ అది ఆమె వంటింట్లోకి రాలేదు. అతను ఎప్పుడూ అడగలేదు.

“నాన్నా నేనూ ఒకే కంచంలో తినేవాళ్లం. బెల్లం పెట్టి వండేది అమ్మ. ఇంక ఎవరూ ముట్టుకునేవారు కాదు. మా ఇద్దరికే.” అతను కిటికీ అవతల పక్కింటివాళ్ల కొత్త కంచె వైపు చూస్తున్నాడు. “అందుకని అదే వదిలాను.”

ఈ మాట ఆరేళ్ల కిందట చెప్పి ఉంటే కౌసల్య అతని తల ఒళ్లో పెట్టుకునేది. ఇప్పుడు మాత్రం ఆమె మనసు మరో చోట తచ్చాడుతోంది.

“మరి ఇన్నేళ్లూ మా అందరి ముందూ దుంప ఎందుకు మానేశారు?”

“అమ్మ మాట పోకూడదని. తర్వాత నువ్వు కూడా మానేశావు. అప్పుడు చెప్పడం ఇంకా కష్టమైపోయింది. నువ్వు మానేశాక నేను ఆఫీసులో కూడా ముట్టుకోలేదు. నమ్మితే నమ్ము.”

“నమ్ముతాను. కార్క్‌లో ఎందుకు ముట్టుకున్నారో అది చెప్పండి.”

“ఒకరికి నిజం చెప్పేశాక ఇంక నటించాల్సిన పని లేకపోయింది.”

అతను మామూలుగానే అన్నాడు. ఆ మామూలుతనమే తగిలింది కౌసల్యకు.

“ఆవిడకి ఎందుకు చెప్పారు?”

“అడిగింది.”

“ఊరికే అడుగుతారా ఎవరైనా, కాశీలో ఏం వదిలావని?”

విష్ణు కిటికీ వైపునుంచి తల తిప్పాడు. “అక్కడో బంగ్లాదేశ్ వాళ్ల కొట్లో కాకరకాయలు దొరికాయట. వండింది. నేను తిననన్నాను. ఎందుకని అడిగింది.”

“వండింది,” అంది కౌసల్య. “ఎక్కడ?”

“చైత్ర ఫ్లాట్‌లో. ఆఫీసువాళ్లు ఇచ్చిందే.”

కౌసల్య ఫోను చేతిలోకి తీసుకుంది. జాబితా కింది దాకా జరిపింది. మళ్లీ పైకి జరిపింది. తొందర లేకుండా, బియ్యంలో రాయి ఏరుతున్నంత నెమ్మదిగా.

“ఏడు చోట్లు రాశారు. ఆ ఇల్లు ఇందులో లేదే!”

“అది హోటలా రాయడానికి?”

“ఎన్నిసార్లు తిన్నారు అక్కడ?”

“ఒక్కసారే. అంతే. చెప్పాను కదా.”

“నన్నెందుకు అడగలేదు మీరు, కాకరకాయ వండమని? పెళ్లైన కొత్తలో, మామయ్యగారు ఉన్నప్పుడు?”

“నువ్వు అడగలేదు కౌసల్యా, నాకేమిష్టమో.”

సీతారావమ్మ లేచి స్టవ్ దగ్గరికి వెళ్లి, ఉడుకుతున్న పప్పును అవసరం లేకపోయినా కలిపింది. “చాల్లే ఇద్దరూ. ఇంటికి మనిషి వచ్చే వేళ. విష్ణూ, వెళ్లి స్నానం చెయ్యి నాన్నా.”

అతను వెళ్లాడు. కౌసల్య మిగిలిన దుంపలు చెక్కు తీసింది. సగం వేపుడుకు సన్నగా తరిగింది. సగం ఉడకపెట్టింది. క్యాబేజీ ఆకులు తుంచి పెట్టుకుంది. అత్తగారు పక్కన నిలబడి అంతా చూసింది కానీ ఏం చేస్తున్నావని అడగలేదు.

ఒంటిగంటకు అయిదు నిమిషాలుండగా బెల్ మోగింది.

చైత్రకు ముప్ఫయి దాటి ఉండవు. నూలు చుడీదారు, జుట్టు బిగించి ముడి. చేతిలో స్టీలు డబ్బా. కౌసల్య ఊహించుకున్న మనిషిలా లేదు, అందుకు ఇంకా కోపం వచ్చింది. వంగి సీతారావమ్మ కాళ్లకు దండం పెట్టింది.

“అక్కా, బక్షాలు చేసిన. ఎట్లున్నయో ఏమో, పూర్ణం జర పలచగైంది. మీ ఇల్లు మస్తుందక్కా! సిడ్నీల బ్లాక్‌టౌన్‌ల మా అన్నవాళ్లది ఇట్లనే ఉంటది, గని ఇంత వెలుతురు రాదు.”

“బొబ్బట్లా? లోపలికి రామ్మా,” అంది సీతారావమ్మ.

అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. వీణను పిలిచారు. పప్పు, చారు, దోసకాయ పచ్చడి ముందు వచ్చాయి. తర్వాత వేపుడు వచ్చింది.

“అరె, ఆలుగడ్డ వేపుడు!” అంది చైత్ర.

ఆఖరున కౌసల్య ఒక వెడల్పాటి గిన్నె తెచ్చి సరిగ్గా విష్ణు ఎదురుగా పెట్టింది. తెల్లగా మెదిపిన దుంప, మధ్యమధ్యలో పచ్చటి క్యాబేజీ ఆకు, నడుమ గుంట. గుంటలో వెన్న ముద్ద.

విష్ణు చెయ్యి గరిటె వైపు వెళ్లింది.

“వెన్న కరిగేదాకా ఆగండి,” అంది కౌసల్య. “తొందరపడకండి.”

అతని చెయ్యి వెనక్కి వచ్చింది.

“ఓ, యమ్,” అంది వీణ. ఎవరికోసమూ ఆగకుండా వేపుడు గుప్పెడు వేసుకుంది.

కౌసల్య తన కంచంలోనూ నాలుగు ముక్కలు వేసుకుంది. ఒకటి నోట్లో పెట్టుకుంది. ఆరేళ్ల తర్వాత మొదటిది. అంచు కరకరలాడింది, లోపల మెత్తగా ఉంది, ఉప్పు సరిపోయింది. రుచిగా ఉంది. రుచిగా ఉండడం ఆమె భరించలేకపోయింది. మంచినీళ్లు తాగింది.

“చైత్రా,” అంది గ్లాసు కింద పెడుతూ. “మా శాంతి కూతురు కార్క్ వెళుతోంది. ఎక్కడ తినాలో మీ సార్ ఏడు చోట్లు రాసిచ్చారు. నువ్వు కూడా అక్కడ ఉన్నావు కదా, చెప్పు. అన్నింట్లోకీ సార్ ఎక్కడ బాగా తినేవారు?”

చైత్ర నవ్వింది. ఆ నవ్వులో దాపరికం లేదు.

“బయట ఏం తిన్నరక్కా సార్! ఆ హోటల్లన్నీ శనివారం తిరిగినప్పుడే. ఆదివారం ఆదివారం మా ఫ్లాట్‌లనే కదా తినుడు. నేను వండుతుంటి, సార్ కూరగాయలు తరిగి ఇస్తుండె. చెప్పలేదా మీకు?”

విష్ణు కంచంలోంచి తల ఎత్తలేదు. వీణ నమలడం ఆపింది. కూరగాయలు తరిగి ఇచ్చే మనిషిని కౌసల్య ఈ ఇంట్లో ఎన్నడూ చూడలేదు.

మూడు నెలలంటే పన్నెండు ఆదివారాలు. ఆమె లెక్కపెట్టుకోవాలనుకోలేదు, అదే వచ్చేసింది. ఒక్కసారే, అంతే, అని గంటన్నర కిందట ఇదే గదిలో అతను అన్నాడు.

“చెప్పాడమ్మా,” అంది సీతారావమ్మ. గబగబా, చక్కగా, ఎక్కడా తడబడకుండా. “వచ్చిన రోజే చెప్పాడు. చైత్ర సొంత చెల్లెలిలా చూసుకుందమ్మా నన్ను, అన్నాడు. మాకన్నీ తెలుసు. పెరుగు వేసుకో తల్లీ.”

కౌసల్య ఆ గొంతును గుర్తుపట్టింది. ఆరేళ్ల కిందట కాశీ నుంచి ఫోన్లో వచ్చిన గొంతు ఇదే. ‘బంగాళాదుంప వదిలేశాడమ్మా విష్ణు, నాన్నగారి కోసం’ అన్నది ఇంతే చక్కగా, ఇంతే నమ్మకంగా. ఆ మాట నమ్మి తను ఆరేళ్లు తిండి మార్చుకుంది. ఈ మాట నమ్మితే ఇంకెన్నాళ్లు?

చైత్ర ఊరట పడినట్టు పెరుగు గిన్నె అందుకుంది. విష్ణు హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు. తల్లి వైపు కృతజ్ఞతగా చూశాడు. ఆ చూపు కౌసల్య చూసింది.

గిన్నెలో వెన్న పూర్తిగా కరిగి, గుంట నిండి, అంచు దాటి పారుతోంది. ఎవరూ ముట్టుకోలేదు.

కౌసల్య అత్తగారి చేతి మీద చెయ్యి వేసి, మెత్తగానే పక్కకు జరిపింది. చైత్ర ముందునుంచి పెరుగు గిన్నె తీసేసింది. తన కుర్చీ చైత్ర దగ్గరికి జరుపుకుంది.

“లేదు చైత్రా,” అంది. “ఆయన చెప్పలేదు. మా అత్తయ్యగారికీ తెలీదు. నువ్వు చెప్పు. మొదటి ఆదివారం దగ్గర్నించి చెప్పు.”